బ్రెజిల్ అంకుల్‌కి మా నాన్న పెట్టిన ఇంటర్వ్యూ

పోయిన వారం ఆఫీసులో ఉండగా ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. ఒకప్పుడు నాతో పనిచేసినతను వాళ్ళ కంపెనీలో చేరబోతున్నాడట. "ఆయన గురించి ఒక్క మాట చెప్పండి మేడమ్, అంతా కరెక్టేనా?" అని అడిగింది. "బంగారంలాంటి మనిషి" అన్నాను, ఆలోచించకుండా. నిజం చెప్పాలంటే ఆ మనిషి బంగారం కాదు, గిల్టు కూడా కాదు. కానీ పదకొండేళ్ళ వయసులో నేను ఒకాయన గురించి ఒక్క మాట చెప్పాను. అప్పటినుంచి ఎవరి గురించి ఎవరడిగినా నా నోట బంగారమే వస్తుంది.

అప్పుడు మేం బుకిట్ బటోక్‌లో ఉండేవాళ్ళం. కంప్యూటర్లు నేర్చిన తెలుగువాళ్ళు వారానికో డజను మంది సింగపూర్‌లో దిగుతున్న కాలం అది. మాది తొమ్మిదో అంతస్తు. పొడుగాటి వరండా, ఒకే వరసలో ఎనిమిది గుమ్మాలు, ప్రతి గుమ్మం ముందూ చెప్పులు. సాయంత్రం ఆరయ్యేసరికి ఒక్కో గుమ్మం నుంచి ఒక్కో వాసన వచ్చేది. మలయ్ ఆంటీ వాళ్ళింట్లో ఎండురొయ్యల ముద్ద వేగుతుంటే, పక్కన చైనీస్ అమ్మమ్మ అగరొత్తులు వెలిగించేది. మా ఇంట్లో ఇంగువ. మా పక్కింటి హైదరాబాదీ ఆంటీ వాళ్ళింట్లో చింతపండు పప్పులోకి వెల్లుల్లి పోపు. బడి నుంచి వస్తూ కళ్ళు మూసుకున్నా మా గుమ్మం ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని.

మా ఇంట్లో ఇంగువతో పాటు అనుమానం కూడా ఉండేది. అమ్మ బియ్యం బస్తా కొంటే కుట్టు విప్పి మళ్ళీ కుట్టారేమోనని చూసేది. లిఫ్టు ఆగితే తొమ్మిదో అంతస్తేనా అని గోడ మీద నంబరు చూసి గానీ కాలు బయట పెట్టేది కాదు. ఇక నాన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన అనుమానం ఒక విద్య. దాని కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆదివారాలు మా ఇంట్లో ఇంటర్వ్యూలు జరిగేవి. ఉత్తుత్తివే. ఊరి నుంచి కొత్తగా వచ్చి పక్కపేట జురాంగ్ వెస్ట్‌లో ఒక్కో గదిలో నలుగురేసి సర్దుకుంటున్న కుర్రాళ్ళు, అసలు ఇంటర్వ్యూకి ముందు నాన్న దగ్గరికి వచ్చి కూర్చునేవారు. వాళ్ళ కోసం ఒక స్టీలు స్టూలు ఉండేది. నాన్న వాళ్ళ రెజ్యూమ్ కాగితాలను వెలుతురుకేసి పట్టుకుని చూసేవాడు. ఐదేళ్ళ అనుభవం అని రాస్తే రెండేళ్ళుంటుందనీ, మూడేళ్ళని రాస్తే ఏమీ లేదనీ ఆయన సూత్రం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ మా నాన్న పట్టేసేవాడు. "ఈ కంపెనీ ఏ వీధిలో ఉంది? మెట్లెక్కగానే ఎడమవైపు ఏముంది?" అని అడిగితే పాపం ఆ కుర్రాళ్ళ చెవులు ఎర్రబడేవి. దొరికిపోయినవాడికి కూడా అమ్మ గుత్తివంకాయ కూర, గోంగూర పచ్చడి వేసి కడుపునిండా పెట్టేది. నేను గుమ్మం దగ్గర కూర్చుని ఇదంతా వినేదాన్ని. పెద్దయ్యాక నేనూ మనుషుల్ని అలా పట్టుకోవాలని నా కోరిక.

జూన్ సెలవుల్లో వరండా చివరింట్లోకి ఒక బ్రెజిల్ ఆయన వచ్చాడు. ఒక సంచీ, ఒక బంతి, ఒక వీడియో క్యాసెట్. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బొకటి ఆయన్ని గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా తెచ్చిందట. మూడు నెలలు పరీక్షగా చూసుకుని, నచ్చితే రెండేళ్ళకి సంతకం పెడతారట. సంతకం అయితే భార్యనూ నాలుగేళ్ళ కూతుర్నీ తెచ్చుకుంటాడట. ఇవన్నీ ఆయన తనకొచ్చిన ముప్ఫై ఇంగ్లీషు ముక్కలతో, చేతులతో, కళ్ళతో చెప్పాడు. గుండు, కుడి కనుబొమ మీద చిన్న గీత, ఎప్పుడూ నవ్వుముఖం.

అంత నవ్వడమే మావాళ్ళకి అనుమానం పుట్టించింది.

"పెళ్ళయిందని ఏంటి నమ్మకం? ఫోటో ఎవరిదైనా పెట్టుకోవచ్చు" అంది అమ్మ.

"అసలు ఫుట్‌బాలే వచ్చో రాదో. బ్రెజిల్లో పుట్టినోళ్ళందరికీ వస్తుందా? తెనాల్లో పుట్టినోళ్ళందరికీ నాటకం వస్తుందా?" అన్నాడు నాన్న.

వచ్చి నెలన్నరైనా ఆయన్ని ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు. రోజూ బస్సెక్కి ప్రాక్టీసుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. పని ఇవ్వకుండా కంపెనీ జీతమిస్తోందంటే ఏదో ఉందని నాన్న తేల్చేశాడు.

నేను ఆయన మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎన్నింటికి వెళ్ళాడు, ఎన్నింటికి వచ్చాడు, చేతిలో ఏముంది. ఆయన వంటింటి కిటికీకి అద్దాల రెక్కలుండేవి. ఒక రెక్క విరిగిపోయి ఉండేది. నా ఎత్తుకి సరిగ్గా సరిపోయేది. ఆయన నల్లటి గింజలు నానబోసుకుని, వెల్లుల్లి వేసి ఉడికించుకుని అన్నంలో కలుపుకు తినేవాడు. అమ్మతో చెప్తే, "నల్ల బొబ్బర్లయ్యుంటాయి. మనలాగే తింటున్నాడే!" అని ఆశ్చర్యపోయి, మరుక్షణం, "మనలాగే ఎందుకు తింటున్నాడు?" అని అనుమానపడింది.

ఒక సాయంత్రం కిటికీ దగ్గర నేను దొరికిపోయాను. ఆయన తిట్టలేదు. బంతి తీసుకుని బయటికొచ్చి వరండా పొడుగునా చూపించాడు. ఎనిమిది గుమ్మాల ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో! చైనీస్ అమ్మమ్మ చెక్కచెప్పులు, మలయ్ ఆంటీ పిల్లల బడి బూట్లు, నాన్న ఆఫీసు బూట్లు. ఆయన చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో బంతిని ఆ చివరి నుంచి ఈ చివరికి వాటి మధ్య నుంచి తీసుకొచ్చాడు. పరుగు కాదు, నడక కంటే కాస్త ఎక్కువ. బంతి ఆయన పాదాన్ని వదిలి జానెడు దూరం కూడా పోలేదు. ఒక్క చెప్పు కదల్లేదు. నేను నోటుపుస్తకం కింద పడేసుకున్నాను.

పక్కింటి హైదరాబాదీ అంకుల్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన బ్యాంకులో పనిచేసేవాడు గానీ కుర్రతనంలో హైదరాబాద్ మైదానాల్లో బాగా ఫుట్‌బాల్ ఆడినవాడు. "వారెవా! గిది చాలు, ఇంకేం గావాలె!" అని గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆఫీసు నుంచి వచ్చి సంగతి విన్న నాన్న మాత్రం, "చెప్పులు ఎదురొచ్చి కాలు అడ్డం పెట్టవు కదా భాయ్" అన్నాడు.

"ఏందన్నా నీ శక్కు! ఇంటికి పిలిచి నువ్వే అడుగు పో" అన్నాడు అంకుల్.

నాన్నకి కావలసింది అదే.

ఆ ఆదివారం బ్రెజిల్ అంకుల్ స్టీలు స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకి అది భోజనానికి పిలుపు. మావాళ్ళకి ఇంటర్వ్యూ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మకి ఒక పళ్ళెంలో నల్లటి చిన్న చిన్న ఉండలు తెచ్చాడు. డబ్బాపాలూ కోకో పొడీ కలిపి చేసినవట. అమ్మ ఒకటి నా నోట్లో పెట్టి, నాకేం కాలేదని తేలాక తను తింది. తర్వాత ఆరు తింది.

ముందు క్యాసెట్ వేశారు. ఎక్కడో దూరం నుంచి తీసిన మసక బొమ్మ. పొడుగు జుట్టు ఆటగాడొకడు ముగ్గుర్ని దాటుకుని గోల్ కొడుతున్నాడు. ఇంకో మ్యాచ్‌లో వేరే రంగు చొక్కా, వేరే నంబరు.

"జుట్టుంది, మనిషి కనపడట్లేదు. ఎవరైనా కావచ్చు" అన్నాడు నాన్న.

హైదరాబాదీ అంకుల్ టీవీ ముందు నేల మీదికి జరిగాడు. "జుట్టు నై చూడాలె అన్నా, నడుము చూడాలె. ఎడమకు పోతున్నట్టు నడుము ఊపుతడు, కుడికి పోతడు. గా నడుము ఇంకోనికి రాదు. మొన్న వరండాల సుత గట్లనే ఊపిండు."

తర్వాత కాగితాలు. ఆయన తన ఆటబతుకంతా బల్ల మీద పరిచాడు, పాత ఫోటోలు, పేపరు ముక్కలు. పదిహేనేళ్ళప్పుడు వాళ్ళ ఊరి చక్కెర మిల్లు జట్టు. అక్కడినుంచి ఒక చిన్న క్లబ్బు. ఆపైన పెద్ద క్లబ్బు, ఆ దేశంలో పేరున్నది. అక్కడ ఒక సీజనంతా ఉంటే ఆడింది పదకొండు నిమిషాలు. పదకొండూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు, పది అయ్యాక ముక్కు ముట్టుకుని. తర్వాత మంచు దేశం. అక్కడ మంచులో కనపడదని బంతికి నారింజ రంగు ఉండేదట. ఆ తర్వాత సింగపూర్.

నాన్న వేలు మంచు దేశానికీ సింగపూర్‌కీ మధ్య ఆగింది. "ఇక్కడ పది నెలలు ఖాళీ. అడుగమ్మా."

ఆ రోజు దుబాసీని నేనే. "అంకుల్, దిస్ టెన్ మంత్ యూ గో వేర్?" అన్నాను.

ఆయన పళ్ళెంలోకి చూశాడు. "మామా," అన్నాడు. "సిక్."

నాన్న తెలుగులో మెల్లగా అన్నాడు: "అబద్ధం. తల్లికి బాగోలేదని చెప్పేవాడు ఎదుటివాడి మొహంలోకి చూస్తాడు. పళ్ళెంలోకి చూడడు."

ఆయన వెళ్తూ వెళ్తూ అమ్మని, దగ్గర్లో చిన్నపిల్లల బడి ఎక్కడుందని అడిగాడు. రెండు వారాల్లో తనని ఒక మ్యాచ్ మొత్తం ఆడించి చూస్తారట. ఆ మ్యాచ్ అయ్యాక సంతకమట. మా అందర్నీ రమ్మన్నాడు. అంకుల్ వెంటనే సరేనన్నాడు. నాన్న కూడా వస్తానన్నాడు, ఏం ఆడతాడో చూద్దామని.

ఆ పది నెలలు నా బుర్రని తొలిచేశాయి. నాన్న పట్టుకోలేనిది నేను పట్టుకుంటే! మర్నాడు అమ్మ ఇచ్చిన పెసరట్లు పట్టుకుని చివరింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వంటింట్లో నేల మీద కూర్చుని, నీళ్ళూ ఐసుముక్కలూ నిండిన వెడల్పాటి టబ్బులో కుడికాలు పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి చటుక్కున కాలు తీశాడు. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. పక్కనే తొడ మీది నుంచి కిందిదాకా పొడుగాటి కోత గుర్తు, గోనెసంచీ మూతి కుట్టినట్టు. పది నెలలు ఎక్కడ పోయాయో నాకర్థమైంది.

ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు, మా ఇంట్లో చూసి నేర్చుకున్న నమస్కారం. నేను తల ఊపాను. తిరిగొస్తూనే నాన్నతో చెప్పేశాను.

నాన్న పేపరు దించి, "ఊఁ, అనుకున్నా" అన్నాడు. మొహంలో తృప్తి. అంతే, మళ్ళీ పేపరు ఎత్తాడు. ఇంకా ఏదో జరుగుతుందని కాసేపు నిలబడ్డాను. ఏమీ జరగలేదు. నిజం బయటపడ్డాక ఎవరికో చెప్పాలి కదా, లేకపోతే అంత కష్టపడి పట్టుకోవడం దేనికి? నాకు అర్థంకాలేదు.

మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు క్లబ్బు మేనేజర్ వచ్చాడు. మెత్తటి మనిషి, చైనీస్ అంకుల్, నడుముకి తాళాల గుత్తి. బ్రెజిల్ అంకుల్ ఇంట్లో లేడు. మేనేజర్ కింద కాఫీషాపులో కూర్చుని ఉండగా, అమ్మ బ్రెడ్డు తెమ్మంటే నేను అటు వెళ్ళాను. ఆ వరండా పిల్లనని గుర్తుపట్టి పిలిచాడు.

"గర్ల్ ఆ, యువర్ బ్రెజిల్ నైబర్, ఓకే ఆర్ నాట్? ఎవ్రీడే రన్ ఆర్ నాట్?"

అది ఊరికే అడిగిన మాటే అయ్యుంటుంది. కానీ నన్నొక పెద్దాయన ఒకరి గురించి అడగడం అదే మొదటిసారి. నా నోటుపుస్తకానికి ఇన్నాళ్ళకి ఒక విలువ వచ్చింది.

"నో లా, అంకుల్. ఎవ్రీడే హీ పుట్ ఐస్. లెగ్ గాట్ బిగ్ కట్, సో లాంగ్" అని తొడ మీది నుంచి చేత్తో గీసి చూపించాను. "టెన్ మంత్ హీ నెవర్ ప్లే. హీ బ్లఫ్."

మేనేజర్ తన కాఫీ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత నాకు గ్లాసెడు చల్లటి మైలో, చాక్లెట్ పొడి వేసిన పాలు, ఇప్పించాడు. నేను అడుగున ఉన్న పొడి కూడా చెంచాతో గీక్కుని తాగాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా రుచిగా ఉంది.

మర్నాడే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి మోకాలు ఫోటో తీయించారు. ఆ మర్నాడు ఒప్పందం రద్దు. మ్యాచ్ లేదు, సంతకం లేదు. హైదరాబాదీ అంకుల్ మా ఇంటికొచ్చి కూలబడ్డాడు. "ఎవడో చెప్పిండన్నా. క్లబ్బోళ్ళకు ఎట్ల తెలుస్తది? గీ వరండాల నుంచే పోయింది మాట. ఎవడా కమీనా?"

"నేనే చెప్పాను" అన్నాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను. "నిజమే కదా నాన్నా?"

నాన్న మెడలోంచి ఆఫీసు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

"అడగడం మన పని" అన్నాడు చివరికి. "చెప్పడం మన పని కాదమ్మా."

"మరి ఎందుకు అడుగుతారు?"

"మనం మోసపోకుండా ఉండటానికి. ఇంకొకడి కంచం లాగేయడానికి కాదు. ఈ స్టూలు మీద ఎంతమంది దొరికిపోయారో చూశావుగా? ఒక్కడి పేరైనా నేను బయట ఎత్తడం విన్నావా?"

వినలేదు. అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు. వాళ్ళు అడగడం మాత్రమే నేను నేర్చుకున్నాను. అడిగాక నోరు మూసుకునే సగం నాకెవరూ నేర్పలేదు. వాళ్ళకది ఊపిరి తీసుకోవడమంత మామూలు గనక, నేర్పాలని ఎవరికీ అనిపించి ఉండదు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మీ నాన్న గురించి ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే మనం ఇక్కడుండేవాళ్ళమా?" అంది. నాన్న ఆవిడకేసి గుర్రుగా చూశాడు. అయినా ఆగలేదు. "రెండేళ్ళు బ్యాంకు ప్రోగ్రాములు రాశానని రెజ్యూమ్‌లో పెట్టుకున్నారే, ఆ రెండేళ్ళూ ఊళ్ళో టైపు నేర్పించారు. ఈ అన్నయ్యగారికి మొదటిరోజే తెలుసు."

హైదరాబాదీ అంకుల్ తల దించుకుని, "ఛోడో భాభీ, ఇప్పుడెందుకు గదంత" అన్నాడు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. స్టూలు మీద కూర్చున్న కుర్రాళ్ళకి ఎర్రబడ్డట్టే. నాకు ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియకుండానే.

ఆయన వెళ్ళిపోయే రోజు మధ్యాహ్నం వరండా వాళ్ళంతా బయటికొచ్చారు. కింద టాక్సీ ఆగి ఉంది. మలయ్ ఆంటీ అరటికాయ బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది. చైనీస్ అమ్మమ్మ ఆయన చేతిలో రెండు కమలాపండ్లు పెట్టింది. హైదరాబాదీ అంకుల్ ఆయన్ని కావలించుకుని ఎంతకీ వదల్లేదు. నేను హైదరాబాదీ ఆంటీ చున్నీ పట్టుకుని వెనక నిలబడ్డాను.

ఆయన నాన్న ముందుకొచ్చాడు. నాన్న చెయ్యి చాపాడు. బ్రెజిల్ అంకుల్ ఆ చేతికేసి చూశాడు, పట్టుకోలేదు. ఆ మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసింది అదొక్కసారే.

"యూ ఆస్క్, ఆస్క్, ఆస్క్" అన్నాడు. కాస్త ఆగి, "అండ్ యూ టెల్."

ఇప్పుడు నాన్న చెప్పేస్తాడు, నన్ను ముందుకి లాగుతాడు అనుకున్నాను. హైదరాబాదీ అంకుల్ ఏదో అనబోయాడు. నాన్న కళ్ళతోనే వద్దన్నాడు.

"సారీ" అన్నాడు నాన్న. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు ఆయన నన్ను వెతుక్కుంటూ ఆంటీ వెనక్కి వచ్చాడు. ఆ వాచిన మోకాలు మీదే, గోడ పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి నా ఎత్తుకి వంగాడు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ముందు నా పెదాల మీద, తర్వాత తన పెదాల మీద వేలు పెట్టి చూపించి, "గుడ్ ఫ్రెండ్. యూ నో టెల్" అన్నాడు. నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. నేను నోరు విప్పలేదు. విప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో ఇంకెప్పుడూ రాలేదు, నేను విప్పలేదు.

ఆ తర్వాత ఆయన ఎక్కడైనా ఆడాడో లేదో తెలియదు. ఆ వరండా ఇప్పుడు లేదు. ఆ బ్లాకునే పడగొట్టి వేరే బ్లాకు కట్టారు. గుమ్మాల ముందు చెప్పులు వదలకూడదని బోర్డు పెట్టారట. మేం ఇదే ఊళ్ళో బిషాన్ వైపు వచ్చేశాం. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఎవరైనా నా మీద నమ్మకం పెట్టుకుంటే ముందు వాళ్ళ తెలివినే అనుమానిస్తాను.

చాలా ఏళ్ళకి, నాకు పెళ్ళయ్యాక, ఒకసారి నాన్నని అడిగేశాను. ఆ రోజు నేనే చెప్పానని ఎందుకు అనలేదు నాన్నా, ఆయన నిన్నే అనుకుంటూ వెళ్ళిపోయాడు కదా అని.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా మీద ఆయనకి ఎలాగూ నమ్మకం లేదమ్మా. ఈ ఊళ్ళో ఆయన నమ్మింది నిన్నొక్కదాన్నే. పోయేవాడి దగ్గర అది కూడా లాక్కోవడం ఎందుకులే అనిపించింది."